ఎత్తైన కొండల్లో ఈదురుగాలులు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

మంచు కొండలకు వెళ్లేవారు చలికి సిద్ధపడినంతగా గాలికి సిద్ధపడరు. ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో చాలా భాగం గాలి గురించినవే కావడం వల్ల, ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: వాతావరణ సూచనలో "సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు, విసురులు 100 కిలోమీటర్ల వరకు" అని రెండు అంకెలు ఇస్తారు. ప్రయాణానికి ఏది లెక్కలోకి తీసుకోవాలి? 60 కిలోమీటర్ల గాలి అంటే మోటారు సైకిల్ మీద వెళ్లేటప్పుడు ముఖానికి తగిలే గాలే కదా, దానికి అంత భయమెందుకు?

జవాబు: రెండో అంకెనే లెక్కలోకి తీసుకోండి. సగటు వేగం సాధారణంగా 10 నిమిషాల పాటు కొలిచి తేల్చిన సంఖ్య; విసురు అన్నది సుమారు 3 సెకన్ల పాటు ఉండే ఉధృతి. చెట్టును కూల్చేదీ, పైకప్పు రేకును లేపేదీ, మనిషిని గట్టు మీది నుంచి నెట్టేదీ ఆ 3 సెకన్లే. చదునైన నేల మీద విసురు సగటు కంటే 40 శాతం వరకు ఎక్కువ ఉండవచ్చునని అంచనా వేసుకుంటారు. కొండల్లో గాలి శిలలకు కొట్టుకుని, చీలి, సుడులు తిరుగుతూ వస్తుంది కనుక ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

మీ మోటారు సైకిల్ పోలిక చాలామందికి తోచేదే గాని, అందులో ఒక పొరపాటు ఉన్నది. బండి మీద గాలి ఎదురుగా, ఒకే తీరున తగులుతుంది. మీ చేతులు హ్యాండిల్‌ను పట్టుకుని ఉంటాయి. కొండ గట్టు మీద గాలి పక్క నుంచి కొడుతుంది, దానికి తట్టుకోవడానికి మీరు అటువైపు ఒరుగుతారు, సరిగ్గా అప్పుడే అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. గాలి తోసినందువల్ల పడేవారు ఎందరో, అది ఆగినందువల్ల పడేవారూ అందరే ఉంటారని నాకు అనిపిస్తుంది.

ఇక బలం సంగతి. గాలి వేగం రెట్టింపైతే అది కలిగించే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలిలో నడక ఇబ్బందిగా ఉంటుంది, అంతే. అదే 100 కిలోమీటర్లయితే, 2,000 మీటర్ల ఎత్తున గాలి కొంత పలచబడి ఉన్నప్పటికీ, నిలబడిన మనిషి మీద 25 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. వీపున పెద్ద సంచి ఉంటే గాలికి తగిలే వైశాల్యం పెరిగి ఇంకా ఎక్కువ పడుతుంది. నావికులు వాడే బ్యూఫోర్ట్ కొలమానంలో 62 కిలోమీటర్లు దాటిన గాలికి ఎదురు నడవడం కష్టమనీ, 89 దాటితే చెట్లు వేళ్లతో సహా లేస్తాయనీ ఉంటుంది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ 90 కిలోమీటర్లు, అంతకు మించిన విసురులను "నష్టం కలిగించే గాలులు" అనీ, 125 కిలోమీటర్లు, అంతకు మించిన వాటిని "విధ్వంసకర గాలులు" అనీ వర్గీకరిస్తుంది. శీతల వాతాగ్రాలు, అంటే ముందుకు తోసుకువచ్చే చల్లని గాలి రాశుల అంచులు, దాటే రోజుల్లో ఆ దేశపు మంచు కొండలకు ఈ హెచ్చరికలు తరచుగా జారీ అవుతుంటాయి. కొండ ఎంత ఎత్తు అన్నది ఒక్కటే గాలిని నిర్ణయించదని చెప్పడానికి అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మంచి ఉదాహరణ. దాని ఎత్తు 1,917 మీటర్లే, అయినా 1934 ఏప్రిల్ 12న అక్కడి పరిశీలకులు గంటకు 372 కిలోమీటర్ల విసురును కొలిచారు. 1996లో ఆస్ట్రేలియాలోని బారో ద్వీపంలో ఒక తుపాను సమయంలో యంత్రం 408 నమోదు చేసేంత వరకు ప్రపంచంలో అదే రికార్డు.

ప్రశ్న: కొండ కింది ఊరిలో ఆకు కూడా కదలలేదు. రెండు గంటలు నడిచి కనుమ దగ్గరకు చేరేసరికి నిలబడలేకపోయాము. మరోసారి దీనికి పూర్తిగా విరుద్ధంగా, శిఖరం మీద గాలి ఓ మోస్తరుగా ఉంటే దిగువన వాలు మీద భీకరంగా వీచింది. ఇదెలా సాధ్యం?

జవాబు: మీ రెండు అనుభవాలకూ కారణాలు వేరు. మొదటిది సులభంగా అర్థమవుతుంది. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారినట్టే, కొండ మీదుగా దాటవలసిన గాలి శిఖరరేఖ దగ్గర ఒత్తుకుని వేగం పుంజుకుంటుంది. రెండు శిఖరాల మధ్య పల్లంగా ఉండే కనుమలో అటూ ఇటూ గోడలు కూడా ఉంటాయి కనుక ఆ ఇరుకు మరింత ఎక్కువ. పైగా ఎత్తున గాలిని అడ్డగించి నెమ్మదింపజేసే చెట్లూ ఇళ్లూ ఉండవు. అందువల్ల కింది ఊరిలో నిలబడి పైన గాలి ఎలా ఉందో ఊహించడం వృథా ప్రయత్నం. శిఖరం మీది నుంచి మంచు పొగలా ఒక వైపుకు ఎగసిపోతూ కనిపిస్తే మాత్రం పైన గాలి తీవ్రంగా ఉన్నదని కింద ఉండి కూడా తెలుసుకోవచ్చు.

రెండోది మరింత ఆసక్తికరమైనది, ప్రమాదకరమైనది కూడా. ఏటిలో బండరాయి మీదుగా పారే నీటిని గమనించండి. రాయి మీద నీరు నున్నగా పారి, దాటిన వెంటనే వడిగా కిందికి దూకి, ఆ తరువాత నురగలు కక్కుతూ సుడి తిరుగుతుంది. కొండకు కొంత పైన వెచ్చని గాలి పొర మూతలా పరుచుకుని ఉన్నప్పుడు, కొండ దాటే గాలి కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. పైకి పోవడానికి వీలులేక ఆ మూత కిందే నలిగి, గాలిమరుగు వాలు వెంట కిందికి దూసుకువస్తుంది. 2004 నవంబర్ 19న స్లొవేకియాలోని హై టాట్రా పర్వతాల దక్షిణపు వాలు మీద ఇటువంటి గాలే దిగివచ్చి, కొన్ని గంటలలో 12 వేల హెక్టార్లకు పైగా అడవిని నేలమట్టం చేసింది. కాబట్టి కొండకు అవతలి వైపు ఎప్పుడూ చాటుగా ఉంటుందన్న నమ్మకం సరికాదు. ఆకాశంలో పప్పుగింజ ఆకారంలో, పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుగా, గాలి వీస్తున్నా కదలకుండా ఒకేచోట నిలిచిన మేఘాలు కనిపిస్తే, కొండ మీదుగా గాలి అలలు అలలుగా దాటుతున్నదని గ్రహించాలి. అవి చూడటానికి చాలా అందంగా ఉంటాయి. వాటిని ఫోటో తీసుకున్నవారిలో ఎందరు ఆ తరువాత తమ దారిని మార్చుకున్నారో తెలియదు.

ఆల్ప్స్ పర్వతాల్లో ఇలా దిగివచ్చే వెచ్చని గాలిని ఫోన్ అంటారు. అది ఎందుకు వెచ్చగా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. తేమ గాలి మేఘంగా మారుతూ పైకి ఎక్కేటప్పుడు ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది; తేమను వానగానో మంచుగానో వదిలేసి పొడిగాలిగా దిగేటప్పుడు అదే దూరానికి సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. 2,000 మీటర్లు ఎక్కి దిగేసరికి 8 డిగ్రీల లాభం. అమెరికాలోని స్పియర్‌ఫిష్ అనే ఊరిలో 1943 జనవరి 22న ఈ జాతి గాలి వల్లనే రెండు నిమిషాల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 నుంచి 7 డిగ్రీలకు ఎగబాకింది. శీతాకాలంలో వెచ్చని గాలి వస్తే సంతోషించేవారు ఆ గాలి ఎంత పొడిదో మరచిపోతారు. స్విట్జర్లాండులోని గ్లారుస్ పట్టణంలో ఎక్కువ భాగం 1861 మే నెలలో ఈ ఫోన్ గాలి ఎగదోసిన మంటల్లో కాలిపోయింది. ఆ గాలి వీచే రోజున గుడారాల దగ్గర మంట వేయడం గురించి ఆలోచించనే కూడదు.

ప్రశ్న: ఉదయాన్నే బయలుదేరితే గాలి బెడద ఉండదని మార్గదర్శకులు అంటారు. ఇది నిజమేనా?

జవాబు: ఒక రకం గాలి విషయంలో పూర్తిగా నిజం. ఎండ ఎక్కేకొద్దీ వాలులు వేడెక్కి, లోయ కింది నుంచి పైకి గాలి లాగబడుతుంది. మధ్యాహ్నానికి అది బాగా బలపడి, సూర్యాస్తమయం తరువాత సద్దుమణుగుతుంది. నేపాల్‌లో అన్నపూర్ణ, ధవళగిరి శిఖరాల మధ్య ఉన్న కాళీ గండకి లోయలో ఈ గాలి ఎంత ఉధృతంగా ఉంటుందంటే, జోమ్‌సోమ్‌కు విమానాలను ఉదయం పూటనే నడుపుతారు. అయితే తుపానుతోనో శీతల వాతాగ్రంతోనో వచ్చే గాలికి పగలు, రాత్రి అన్న తేడా లేదు. ఇంతకు ముందు జవాబులో చెప్పుకున్న, కొండ దాటి వాలు వెంట కిందికి దూసుకువచ్చే గాలులు అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా విజృంభించగలవు. కాబట్టి హెచ్చరిక జారీ అయిన రోజున "పెందలాడే వెళ్లి వచ్చేద్దాం" అన్న ఆలోచనను పక్కన పెట్టండి.

ప్రశ్న: మేము నలుగురం స్నేహితులం. గట్టు మీద నడుస్తుండగా ఒక్కసారిగా గాలి విరుచుకుపడితే ఏమి చేయాలి? పరుగెత్తి కిందికి దిగడమా, ఉన్నచోటనే కూర్చోవడమా?

జవాబు: పరుగు మాత్రం వద్దు. పరుగులో ఒక కాలు ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. మరి ఏమి చేయాలో చెప్పే ముందు ఒక మాట. గట్టు మీద మీకు మిగిలే దారులు చాలా తక్కువ; నిజమైన నిర్ణయాలన్నీ అంతకు ముందే, చెట్లు అంతమయ్యే చోటే జరగాలి. అక్కడ ఆగి, అన్ని పొరల బట్టలూ వేసుకుని, చేతితొడుగులు జారిపోకుండా మణికట్టుకు కట్టుకుని, సంచి పట్టీలు బిగించి, బయట వేలాడే చాపలను లోపలికి తోసి, ఆ తరువాత గాలిని పరీక్షించండి. అక్కడే అడుగులు తడబడుతుంటే పైన ఇంతకంటే తక్కువ ఉండదు, వెనుదిరగండి. సంచి మీద వేసే వానతొడుగును తీసి లోపల పెట్టుకోవడం మంచిది. గాలికి అది తెరచాపలా ఉబ్బి మిమ్మల్నే లాగుతుంది. మాట వినపడదు కనుక చేతి సైగలను ముందే అనుకోండి. ఆగు, దిగు, వెనక్కి, బాగానే ఉన్నాను అనే నాలుగు సైగలు చాలు.

ఇంత చేసినా చిక్కుకుపోతే, విసురు వస్తున్నప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, చేతికర్రలను నేలకు గుచ్చి వంగిపోండి. అది చాలకపోతే కూర్చోండి, ఇంకా చాలకపోతే నేలను కరుచుకుని పడుకోండి. చాలామంది సిగ్గుపడి నిలబడే ప్రయత్నం చేస్తారు, పాకడంలో తప్పేమీ లేదు. విసురుకూ విసురుకూ మధ్య కొద్దిపాటి విరామం ఉంటుంది, కదలవలసింది అప్పుడే. గాలి మిమ్మల్ని అంచు వైపుకు తోస్తుంటే అంచుకు దూరంగా, గాలి వచ్చే వైపు నుంచి నడవండి. పెద్ద బండరాయి చాటుకు చేరితే అక్కడ కాసేపు ఊపిరి తీసుకోవచ్చును గాని, చెమట పట్టిన ఒంటితో అక్కడే కూర్చుండిపోతే చలి పట్టేస్తుంది. లక్ష్యం ఎప్పుడూ గట్టు దిగిపోవడమే. దిగే వాలు మీద మంచు ఉంటే మాత్రం, ఈ శీర్షికలో తరువాత వచ్చే మంచుచరియల జవాబును చదివిన తరువాతనే దారి ఎంచుకోండి.

తాడుతో అందరూ ఒకరికొకరు కట్టుకోవడం మంచిది కాదా అని కొందరు అడుగుతారు. ఆ తాడును శిలకో, మంచులో దిగగొట్టిన ఆధారానికో బిగించడం తెలిసినవారు మీలో లేకపోతే వద్దు. ఆధారం లేని తాడు ఒకరి పతనాన్ని నలుగురి పతనంగా మారుస్తుంది.

ప్రశ్న: రాత్రి గుడారంలో ఉండగా గాలి పెరిగితే?

జవాబు: గుడారాన్ని కనుమలోనూ, ఎండిన చెట్ల కిందనూ, గట్టు మీదనూ వేయకుండా, సన్నని వైపు గాలికి ఎదురుగా ఉండేలా వేసి, మంచు ఉన్నచోట చుట్టూ మంచు దిమ్మెలతో గోడ కట్టుకుంటే సగం పని అయినట్టే. ఊచలు వంగి విరిగేలా ఉంటే, విరిగేదాకా వేచి ఉండకుండా మీరే వాటిని తీసేసి, గుడ్డను మీ మీద కప్పుకుని సంచుల బరువుతో నేలకు అదిమిపెట్టండి. విరిగిన ఊచ గుడ్డను చీల్చేస్తే మీకు మిగిలేది ఏమీ ఉండదు. ఒక్క విషయం మాత్రం ప్రాణాంతకం. గాలికి భయపడి అన్నివైపులా మూసేసిన గుడారంలో పొయ్యి వెలిగించకండి. అక్కడ పేరుకునే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు.

ప్రశ్న: ఉష్ణోగ్రత మైనస్ 5 అని ఉంది, దాని పక్కనే "అనిపించేది మైనస్ 16" అని కూడా ఉంది. నా సీసాలోని నీరు దేనికి గడ్డ కడుతుంది?

జవాబు: మైనస్ 5కే. గాలి ఎంత వీచినా ఏ వస్తువునూ చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లార్చలేదు, ఆ ఉష్ణోగ్రతకు త్వరగా చేరుస్తుంది, అంతే. రెండో అంకె మన చర్మానికి సంబంధించినది. ఒంటి చుట్టూ వెచ్చగా నిలిచే సన్నని గాలి పొరను ఈదురుగాలి ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది కనుక, 60 కిలోమీటర్ల గాలిలో మైనస్ 5 డిగ్రీలు మైనస్ 16లా వేడిని లాగేస్తాయి. ఆ అంకె మైనస్ 28కి చేరితే, కప్పుకోని ముక్కు, చెవులు, బుగ్గలు 10 నుంచి 30 నిమిషాల్లో మంచుకాటుకు గురి కావచ్చు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండండి. చర్మం తెల్లబడి మైనంలా కనిపిస్తే అది మొదటి గుర్తు, ఆ మనిషికి నొప్పి తెలియదు. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. వెచ్చని అరచేతిని కదలకుండా ఆనించి ఉంచాలి. తడబడే నడక, తొట్రుపడే మాట, "నాకేమీ కాలేదు" అన్న మొండితనం మూడూ కలిసి కనిపిస్తే ఒంటి లోపలి వేడి పడిపోతున్నట్టు. వెంటనే గాలి నుంచి తప్పించి, తడి బట్టలు మార్చి, సహాయం కోసం కబురు చేయాలి.

ప్రశ్న: మూడు రోజులుగా మంచు కురవలేదు, ఆకాశం నీలంగా ఉంది. అయినా గాలి వల్ల మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉందని వాలు మూసేశారు. ఇది అతి జాగ్రత్త కాదా?

జవాబు: కాదు. మంచు ఆకాశం నుంచి మాత్రమే రాదు. గాలి ఒక వాలు మీద పడిన మంచును ఊడ్చుకుపోయి అవతలి వాలు మీద పోస్తుంది. ఆకాశం నుంచి కురిసే వేగానికి పది రెట్లు వేగంగా కూడా అలా పోగుపడగలదు. ఇలా చేరిన మంచు కణాలు దారిలో ఒకదానికొకటి రాసుకుని పొడి అయి ఉంటాయి కనుక, గట్టిగా కూరుకుని పలకలా తయారవుతుంది. ఆ పలక కింద బలహీనమైన పొర ఉంటే, ఒక్క మనిషి బరువుకు వాలు మొత్తం ఒకేసారి తెగి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులు దీనికి అత్యంత అనువైనవి. దురదృష్టవశాత్తు స్కీయింగ్‌కూ అవే బాగుంటాయి.

గట్టు అంచున గాలి కట్టే మంచు చూరు మరొక ఉచ్చు. ఇంటి చూరులాగే అది గాలిలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది; దాని మీద నిలబడినవారికి కింద నేల ఉందో లేదో తెలియదు. విరిగేటప్పుడు అంచు దగ్గరే విరగదు, అనుకున్నదానికంటే చాలా వెనుక నుంచి విరుగుతుంది. అందుకే దిగువ లోయను తొంగిచూడాలన్న ముచ్చటను చంపుకోవడమే మంచిది. కాలి కింద మంచు డోలులా బోలుగా మోగినా, "ధుమ్" అని కుంగిన చప్పుడు వచ్చినా, అడుగు పక్కన పగుళ్లు పరుగెత్తినా ఆ వాలు నుంచి వెంటనే తప్పుకోవాలి.

ప్రశ్న: తీగకు వేలాడే కుర్చీల్లో కొండ పైకి తీసుకెళ్లే చైర్‌లిఫ్ట్ మధ్యలో ఆగిపోతే?

జవాబు: అడ్డుకడ్డీ దించుకుని, ఊగకుండా కూర్చుని, సిబ్బంది వచ్చేదాకా వేచి ఉండండి. ఎత్తు తక్కువగా కనిపించినా దూకవద్దు. ఈదురుగాలి రోజున పై లిఫ్టులనే ముందుగా ఆపుతారు కనుక, చివరి లిఫ్ట్ పట్టుకుని దిగుదామన్న లెక్కతో పైకి వెళ్లకూడదు.

ప్రశ్న: మేము కొండ మీద చెట్ల మధ్య ఉన్న చెక్క ఇంట్లో నాలుగు రోజులు బస చేయబోతున్నాము, కారులో వెళ్తాము. ఈదురుగాలుల హెచ్చరిక వస్తే ఇంట్లో ఉన్నవారు, దారిలో ఉన్నవారు ఏమేమి చూసుకోవాలి?

జవాబు: మీ పరిస్థితిలో గాలి కంటే చెట్లే ఎక్కువ భయపెట్టవలసినవి. కొండల మీద పెరిగే స్ప్రూస్ వంటి సూది ఆకుల చెట్ల వేళ్లు లోతుకు పోకుండా పైపైనే పరుచుకుంటాయి. అంతకు ముందు వాన పడి నేల మెత్తబడితే వాటికి పట్టు ఉండదు. 2018 అక్టోబర్ చివర ఉత్తర ఇటలీ పర్వతాల మీదికి వచ్చిన వాయా తుపానులో భారీ వానలూ పెనుగాలీ కలిసి లక్షల చెట్లను పడగొట్టాయి. కాబట్టి చేరిన వెంటనే కారును చెట్ల కింది నుంచి తీసి, ఖాళీ స్థలంలో ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా నిలపండి. గాలి వెనుక నుంచి వస్తుండగా తలుపు తీస్తే అది చేతిలో నుంచి లాక్కుపోయి మడతబందుల దగ్గరే విరిగిపోవచ్చు. వరండాలోని కుర్చీలు, స్కీలు, చెత్తడబ్బా లోపల పెట్టండి. పెద్ద చెట్టు ఏ గదికి దగ్గరగా ఉన్నదో పగటిపూటే చూసుకుని, రాత్రి అందరూ దానికి దూరంగా ఉన్న గదిలో, కిటికీలకు ఎడంగా పడుకోండి. ఫోన్లు ముందే చార్జ్ చేసుకుని, టార్చిలైటు చేతికి అందేలా పెట్టుకోండి, కరెంటు పోవడం దాదాపు ఖాయం.

హెచ్చరిక వచ్చాక ప్రయాణం మానుకోవడమే ఉత్తమం. తప్పనిసరైతే వేగం తగ్గించండి. కొండ చాటు నుంచి వంతెన మీదికో, కనుమలోకో వచ్చే మలుపులో గాలి ఒక్క దెబ్బతో బండిని పక్క వరుసలోకి తోస్తుందని గుర్తుంచుకోండి. ఎత్తైన లారీల, వ్యానుల పక్కన నడపకండి. ఎగసే మంచులో దారి కనిపించక ఆగిపోవలసి వస్తే, ఇంజిన్ నడుపుతూ లోపల కూర్చునే ముందు వెనుక పొగగొట్టం మంచులో కూరుకుపోలేదని దిగి చూసుకోండి, కొద్దిసేపటికొకసారి మళ్లీ చూసుకోండి. గుడారంలో పొయ్యి గురించి చెప్పిన విషవాయువే ఇక్కడా చంపుతుంది.

కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడి ఉంటే, అందులో విద్యుత్తు ఉన్నదనే అనుకుని, కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి, అత్యవసర సేవలకు తెలపండి. తీగ మీ కారు మీదనే పడితే, మంటలు లేనంతవరకు లోపలే కూర్చుని, దగ్గరకు వచ్చేవారిని కేకవేసి ఆపండి.

గాలి ఆగిన ఉదయం తొందరపడి చెట్ల కిందికి నడకకు వెళ్లకండి. సగం విరిగి కొమ్మల్లో చిక్కుకున్న దుంగలు చిన్నపాటి గాలికే, ఒక్కోసారి గాలి లేకుండానే, మరుసటి రోజు కూడా కింద పడుతుంటాయి. అడవిదారిని సిబ్బంది చూసి తెరిచారో లేదో కనుక్కున్న తరువాతనే పిల్లలను బయటికి పంపండి.